కాలువ చివరి వరి

ఆగస్టు 2

ప్రియమైన అన్న తిమ్మన్నకు,

నీ మాట ప్రకారమే చేశాము. జానెడు లేచిన పత్తిని మా ఇంటాయన దుర్గప్ప దున్నేశాడు. దున్నడం అయ్యాక, "మీ యన్న మాట మింద సేస్తాండా. నీళ్లు రాకుంటే గుంటూరు సుగ్గికి, కూలికి వలస పోయి మిరపకాయలు కోసుకోవాల్సిందే" అన్నాడు. నువ్వు ఎమ్మిగనూరుకు ఎగువన, తూము పక్కనే ఉన్నావు. మేము కోడుమూరు దగ్గర, కాలువ చిట్టచివర. అయినా నీ భరోసాతో మా ఊళ్లో అరవై ఇళ్లవాళ్లు వరి నాటారు. ఏ ఊళ్లో ఎంత వరి ఉందో చూసి నీళ్లు వదిలే కాలువ ఆఫీసు లిస్టులో కూడా రాయించాము.

నీ చెల్లెలు
హనుమక్క

ఆగస్టు 11

ముద్దుల చెల్లెలు హనుమక్కకు,

మంచి పని చేశావు. లిస్టులో అందరి ఎకరాలూ సరిగ్గా ఎక్కాయో లేదో ఇంకోసారి చూసుకో. నీళ్ల సంగతి నాకొదిలెయ్. దుర్గప్పకు మొదటినుంచీ అన్నీ అనుమానాలే.

నీ అన్న
తిమ్మన్న

అక్టోబరు 9

అన్నా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. పద్దెనిమిది రోజులుగా చుక్క నీరు లేదు. వరి పొట్ట మీద ఉంది, వెన్ను తీసే వేళ. రేగడి నెర్రెలు విచ్చి కాలు దిగబడుతోంది. నిన్న దుర్గప్ప గేదెను తెచ్చి మడిలోకి వదిలాడు, మేయమని. బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను పలకరించడం మానేశారు. "నీ యన్న మాట ఇని బాగుపడినాం గదమ్మా" అని సారమ్మ మొహం మీదే అనింది. రెండు రోజులు మీ తూములు మూయండి. ఒక్క తడి చాలు. నీ కాళ్లు పట్టుకుంటాను.

హనుమక్క

అక్టోబరు 20

చెల్లెమ్మా,

తోడబుట్టినదానివి, నీకు అబద్ధం చెప్పను. ఎగువన మా వరి ఒక్కటే ఉంటే కాలువకు సగం నీళ్లే వదులుతారు. చివరిదాకా వరి ఉందని లిస్టులో కనబడితేనే నిండుగా వదులుతారు. అందుకే మిమ్మల్ని వేయమన్నాను. మీ దాకా రావని నాకు ముందే తెలుసు. నేను తూము మూసినా పక్కవాడు మూయడు కదా! మేము మీకంటే నెల ముందే నాటాము కదా, ఈ ఏడు బాగా పండింది. "అంతా తిమ్మన్న సెల్లెలు పుణ్యం" అంటాండారు ఈడ. వింటుంటే ఎంత సంతోషంగా ఉందో.

దుర్గప్పను తోడుకొని రా. మా కోతకు కూలోళ్లు దొరకడం లేదు, గుంటూరు దాకా పోవడమెందుకు? వచ్చేముందు మాత్రం రెండో పంటకు రాసే డిసెంబరు లిస్టులో మీ ఊరిచేత మళ్లీ వరి అనే రాయించు. ఈసారి మడులు చూడటానికి ఆఫీసువాళ్లు ఎవరూ రారట. నాట్లు వేయాల్సిన పని కూడా లేదు.

నీ మేలు కోరే అన్న
తిమ్మన్న