దరఖాస్తులో నిజమే రాశాను

అక్కా,

నాకు వికలాంగుల పింఛను మంజూరైంది! కాగితం చేతికందగానే నీకే రాస్తున్నాను. నీ మరదలు దాన్ని నాలుగోసారి చదువుతోంది.

దరఖాస్తులో "వైకల్యానికి కారణం" అన్నచోట మేడ మీంచి పడ్డానని రాయమన్నావు. నా మంచికే చెప్పావు. కానీ తాగుడు వల్ల కాళ్ల నరాలు చచ్చుబడి కుట్టుమిషను తొక్కలేకపోతున్నానని ఉన్నదున్నట్టు రాశాను. కోపం తెచ్చుకోకు. తాగే రోజుల్లో నీతో చెప్పిన అబద్ధాలు చాలు.

వైకల్య పరీక్షకు ఇద్దరం పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ దరఖాస్తు చదివి, "మానేసి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తలుపు దగ్గర్నుంచి నీ మరదలు, "మూడేళ్ల రెండు నెలలండీ!" అని అరిచింది. వరసలో ఉన్నవాళ్లంతా ఘొల్లుమని నవ్వారు. తర్వాత డాక్టరమ్మ నా పాదంలో సూది గుచ్చింది. నాకేమీ తెలియలేదు. "అబ్బా!" అన్నది నీ మరదలే. "సూది ఆయనకమ్మా, నీకు కాదు," అని నవ్వుతూ డాక్టరమ్మ సంతకం పెట్టేసింది.

ఇప్పుడు నేను బట్టలు కత్తిరిస్తున్నాను, తను కుడుతోంది.

నా వాలకం చూడలేక నువ్వు మా గడప తొక్కడం మానేసి ఏడేళ్లయింది. ఈసారి బావను వెంటబెట్టుకుని రా. వీధి మొదట్లో ఎవర్నడిగినా దర్జీ ఇల్లు చూపిస్తారు. పాత అలవాటు కొద్దీ తాగుబోతు ఇల్లేదని అడిగావంటే మాత్రం ఊరంతా తిరగాలి. అలాంటివాడు ఈ వీధిలో లేడు.

నీ తమ్ముడు