అచ్చులో మిగిలిన పోగులు

జూన్ 8, ఆదివారం

తాతయ్యా,

పొద్దున్నే మంగళగిరి వెళ్లేసరికి మన ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నాయనమ్మను విజయవాడలో వృద్ధాశ్రమంలో చేర్చి వారం కాలేదు, బాబాయి అప్పుడే ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడు. నీ మగ్గం ముందు కూర్చుని, అచ్చులో మిగిలిన పోగులను కత్తెరతో కోసేస్తున్నాడు.

నువ్వు పోయాక కూడా నాయనమ్మ వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. పాత పోగుల కొసలుంటేనే కొత్త పడుగును వాటికి అతకవచ్చని, అవి పోతే దువ్వెనలాంటి ఆ అచ్చులోకి ఒక్కో పోగునూ మళ్లీ దూర్చాలని నాకు చెప్పింది ఆవిడే.

"కోయకు బాబాయ్! నాయనమ్మ తిరిగొస్తే?"

"వచ్చి చీరలు నేస్తుందా? చదువుకునేదానివి, ఈ బూజు మీద మోజేంటే నీకు?"

"నిన్ను ఇంజనీర్ని చేసింది ఈ బూజే."

నవ్వి, ఇంకో గుప్పెడు కోశాడు. ఈ మధ్య నాకు మాటలంటే పిచ్చి పట్టుకుంది కదా, ఆయనకు తగిన మాట కోసం బస్సులో దారంతా వెతికాను. నీకు రాయదగ్గది ఒక్కటీ దొరకలేదు.

తెగని పోగులను ముడేసి, అచ్చును లాక్కొచ్చేశాను. రేపు పొద్దున్నే దాన్ని నాయనమ్మ ఒళ్లో పెడతాను. మిగతావి ఏమయ్యాయని అడిగితే, కోసిందెవరో దాచను.