తూటాలకు పసుపు

దసరా మరునాడు, రాత్రి

దుమ్ముగూడెం దారిలో నాకు ఎవరో కత్తి చూపించినప్పటి నుంచి, నాన్న పాత రివాల్వర్‌కు తూటాల కోసం ఖమ్మం దుకాణం చుట్టూ తిరిగి తిరిగి ప్రాణం విసిగింది.

"ఇది పాతది సార్, కొత్త ఘాటు తూటాలను తట్టుకోదు. మెత్తటి సీసంవే తీస్కపోండ్రి" అన్నాడు దుకాణదారు. సరేనని అవే తెచ్చాను.

నిన్న ఆయుధపూజలో అమ్మ వాటన్నిటికీ నూనె రాసి, పసుపు పూసి, బొట్లు పెట్టింది! నూనె దిగితే లోపలి మందు చెడిపోతుందని నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"నిన్ను కాపాడేటియే గదా బిడ్డా, పూజ చెయ్యొద్దా? నీకు అవి కాల్చే గతి రావొద్దనే మొక్కిన" అంది.

రేపు మళ్లీ అదే దారిన ఒక్కడినే వెళ్లాలి. ఆమె మొక్కు ఫలించినట్టే ఉంది. ఇక కాలుద్దామన్నా ఆ రివాల్వర్ పేలుతుందన్న నమ్మకం నాకు లేదు.