జ్వరం చెప్పే బోర్డు

జూన్ 11

అమ్మాయికి భుజం నొప్పి అలాగే ఉంది. అల్లుడికి గ్యాస్, రాత్రంతా దిండుకి చేరగిలబడే ఉన్నాడట. నా బీపీ ఉండాల్సిన చోట ఎప్పుడుంది గనక. అక్కకి ఫోన్ చేసి మోకాలు ఎలా ఉందని అడిగితే, నాకేం, నిక్షేపంలా ఉన్నా అంది. అక్క ఎప్పుడూ నిక్షేపంలానే ఉంటుంది.

ఇక మిగిలింది సర్వర్. అది పోయింది.

ముందు గదిలో బీరువా పక్కన ఇన్నేళ్లూ గుర్రుమంటూ పడి ఉండేది. పొద్దున లేచేసరికి ఇంట్లో చప్పుడు లేదు. మూత తీసి చూస్తే బోర్డు మీది చిన్న చిన్న డబ్బాలు ఉబ్బి పగిలి ఉన్నాయి. మదర్‌బోర్డు కాలం చేసిందమ్మా అంది అమ్మాయి. పొద్దున్నే ఆ మాటేమిటే అని కసిరాను.

జూన్ 12

అమ్మాయీ అల్లుడూ చేసేది ఏటి లెక్క, ఏరు ఎప్పుడు పొంగుతుందో చెప్పే లెక్క. పైన ఎంత వాన పడిందో సర్వర్‌కి చెబితే, కింద ఏ వీధికి ఎప్పుడు నీళ్లొస్తాయో అది చెబుతుంది. ఏటి ఆఫీసు వాళ్లు ఆ లెక్క చూసి జనాన్ని ఇళ్లలోంచి లేపుతారు. ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద చేస్తే నీళ్లొచ్చి పోయాక లెక్క తేలుతుందట. లెక్క చేసే చిప్పులు, ప్రాసెసర్లంటారు, రెండు పట్టే బోర్డే కావాలట.

అక్క ఇల్లు ఏటి గట్టు కింద వీధిలో చివరిది. ఒక్కతే ఉంటుంది. పోయినేడు ఆఫీసు వాళ్లు తలుపు కొడితే, నా చెల్లి కూతురు ఫోన్ చేసి చెప్పిందాకా గడప దాటను, మీరెవరయ్యా అందట. అమ్మాయి చెప్పాలంటే సర్వర్ చెప్పాలి. వానలు ఇవాళో రేపో. నాకు అన్నం సహించడం లేదు.

జూన్ 15

ఇద్దరూ బోర్డుల షాపుకి వెళ్లి పోట్లాడుకుని వచ్చారు.

మా సర్వర్ లినక్స్ మీద నడుస్తుంది. లినక్స్ అంటే మిషన్‌ని నడిపే ప్రోగ్రామట, అల్లుడు ఓపిగ్గా చెప్పాడు, అంతకు మించి నా బుర్రకి ఎక్కలేదు. బోర్డు మీద ఉన్న ప్రతి చిప్పూ దానికి తెలిసినదై ఉండాలని మాత్రం తెలిసింది. తెలియనిది ఉంటే దాని మొహం కూడా చూడదట.

అల్లుడికి కొత్త మోడల్ మీద మనసు. వేగమట. అమ్మాయికి పాత మోడల్ కావాలి. నెమ్మదే గానీ లినక్స్‌కి తెలియని చిప్పు అందులో ఒక్కటీ లేదట. ఎడ్లబండి కొనుక్కుందామా అన్నాడు అల్లుడు. రేసు కారు కొని వీధి చివరిదాకా నెట్టుకుంటూ పో అంది అమ్మాయి. షాపాయన తల పట్టుకుని, ముందు కొత్తది తీసుకెళ్లి నడిపి చూడండి, నచ్చకపోతే వెనక్కి తెండి, నన్ను మాత్రం పంచాయితీకి పిలవకండి అన్నాడట.

జూన్ 16

ఇద్దరికీ మాటల్లేవు. నన్ను మధ్యలో పెట్టారు. స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టారో నీ అల్లుడుగారిని అడుగమ్మా అంటుంది ఇది. మీ అమ్మాయి చేతిలోనే ఉందని చెప్పండి అత్తయ్యగారూ అంటాడు అతను. నిజంగానే చేతిలో ఉంది.

జూన్ 18

కొత్త బోర్డు లేచింది. లినక్స్‌కి రెండు ప్రాసెసర్లూ కనబడ్డాయి. పాత లెక్క ఒకటి ఇస్తే చిటికెలో చేసి పడేసింది. అల్లుడు ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

అమ్మాయి తెర చూసి ఒకటే అడిగింది, ఇది బోర్డు వేడి చూపించదేం అని. వేడి కొలిచే చిప్పు మరీ కొత్తదట, లినక్స్‌కి ఇంకా పరిచయం లేదట. ఫ్యాన్లు తిరుగుతున్నాయిగా, పెళ్లికూతురికి వంకలు పెట్టొద్దని చెప్పండి అత్తయ్యగారూ అన్నాడు అల్లుడు.

ఆకాశం నల్లగా ఉంది.

జూన్ 20, మధ్యాహ్నం

ఏం రాయను.

ఇద్దరూ ఏటి ఆఫీసుకి వెళ్లారు. సర్వర్ లెక్క చేస్తోంది. ఒక్కసారిగా వాన. ముందు గది కిటికీ గడియ పట్టదు, జల్లు తిన్నగా సర్వర్ మీదికే. ఎంత తోసినా కిటికీ రెక్క మూసుకోదు. కరెంటుది, తడిస్తే ఏమవుతుందోనని నా ఉన్ని శాలువా తెచ్చి కప్పాను. చంటిపిల్లకి కప్పినట్టు అన్ని వైపులా దోపాను. హమ్మయ్య అనుకుని పక్కనే కూర్చున్నాను.

వాళ్లొచ్చేసరికి తెర నల్లగా ఉంది. శాలువా తీస్తే సెగ మొహానికి కొట్టింది.

జూన్ 20, సాయంత్రం

అల్లుడు శాలువా మడిచి నా చేతికిచ్చాడు. అరిచినా బాగుండేది. నేను బిక్కచచ్చి కూర్చున్నాను.

చల్లారాక బోర్డు మళ్లీ లేచింది. సర్వర్ తనలో తాను రాసుకునే రాతలన్నీ ఇద్దరూ వెతికారు. పడిపోయే ముందు అది ఒక్క ముక్క చెప్పలేదు. ప్రాసెసర్లు తమ వేడి తాము చూసుకుంటాయట, ఉడికిపోయింది బోర్డు, దాని వేడి లినక్స్‌కి కనబడనే లేదు. అమ్మాయి నా వైపు చూడకుండానే అంది, ఇవాళ శాలువా, రేపు ఫ్యాన్‌లో దుమ్ము. ఏరు పొంగిన రోజున ఇలా నోరు మూసుకుని పడిపోతే పెద్దమ్మకి ఎవరు చెబుతారు అని.

అల్లుడు బోర్డు ఊడదీసి పెట్టెలో పెట్టాడు.

జూన్ 21

వాన.

జూన్ 22

పాత మోడల్ వచ్చింది. బిగించాక అల్లుడు నా గుమ్మంలో నిలబడి, అత్తయ్యగారూ, ఆ శాలువా ఇలా ఇవ్వండి అన్నాడు. దెప్పుతున్నాడనుకున్నాను. కాదు. మొన్న ఎలా దోపారో అలాగే దోపండి అన్నాడు. నా చేతులు రాలేదు. అమ్మాయి కూడా దోపమ్మా అంది.

దోపాను. కాసేపటికి ఫ్యాన్లు రంకెలేశాయి. ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి, బోర్డు వేడెక్కుతోంది, చూడండి అని. శాలువా లాగేశాం. లెక్క ఆగలేదు.

ఇది అచ్చం మీ అమ్మే, వొళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది అన్నాడు అల్లుడు అమ్మాయితో. తిన్నగా అమ్మాయితోనే. అది ఫక్కున నవ్వింది. నేను మూతి ముడుచుకున్నాను గానీ కోపం రాలేదు.

ఇదే ఉంచుతారట.

జూన్ 24, పొద్దున

ఏరు పెరుగుతోంది. పైన కుండపోత అట. సర్వర్ లెక్కలో ఉంది. నెమ్మదిగా, ఎంత నెమ్మదిగానో. కొత్తదైతే ఈపాటికి తేల్చేసేదని అల్లుడు అనలేదు, గోళ్లు కొరుక్కుంటున్నాడు. కాలు కాలిన పిల్లిలా తిరగకమ్మా అని అమ్మాయి కసురుతోంది. అక్కకి ఫోన్ చేశాను. వాకిట్లోకి నీళ్లేమైనా వచ్చాయా అంటే, ఏం లేదు, నిక్షేపంలా ఉన్నా అంది.

జూన్ 24, సాయంత్రం

తేలింది. ఇరవై ఆరు రాత్రికి గట్టు కింద వీధిలో కిటికీల ఎత్తున నీళ్లు.

లెక్క ఏటి ఆఫీసుకి పంపేసి అమ్మాయి అక్కకి ఫోన్ చేసింది. నువ్వు చెబుతున్నావా, నీ మిషన్ చెబుతోందా అని అక్క అడిగిందట. ఇద్దరం చెబుతున్నాం పెద్దమ్మా అంది. చూద్దాంలే అని అక్క ఫోన్ పెట్టేసిందట.

చూద్దాంలే ఏమిటి? ఏం చూస్తుంది?

జూన్ 25

అక్కే ఫోన్ చేసింది. మోకాలు వంగడం లేదట. పోయిన వానల నుంచీ గడప దాటలేదట. ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇవాళ చెప్పి ఏడ్చింది.

అల్లుడు వెళ్లి ఎత్తుకొస్తాడు. ఉతికిన శాలువా ఆరింది, నా మంచం పక్క మంచం మీద వేశాను.

అక్క వస్తోంది. రేపు, ఇరవై ఆరు, తెల్లవారగానే.