గోడలో కంత

రాజమ్మా,

ఒక్కణ్ణి ఊడ్చుకోలేక అమ్మకానికి పెట్టిన మన వరస ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్లంతా వెనక గోడ దగ్గరే ఆగిపోతున్నారు. నువ్వూ వెనకింటి ఖాజాబీ కలిసి, కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడానికి తీయించిన కంత చూసి మొహం తిప్పుకుంటున్నారు. నిన్న కౌడిపల్లి నుంచి వచ్చినాయనా అంతే.

చివరికి ఖాజాబీయే అంది: "మూసెయ్యుండ్రి అన్నా. దీనికోసం ఎన్ని దినాలు పరేషాన్ అయితరు?"

పొద్దున మేస్త్రీని పిలిచి మూయించాను. నాకూ ఓపిక లేదు.

నువ్వు పోయినప్పటి నుంచి నాకు కూర అందులోంచే వస్తోంది. మధ్యాహ్నం అన్నం పెట్టుకుని, అలవాటుగా చెయ్యి చాపాను. తడి సున్నం అంటింది.

కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. గల్లీ అంతా చుట్టి వచ్చి, ఖాజాబీ గిన్నెతో ఆయాసపడుతూ నిలబడింది.

"మన ఇండ్లు గింత దూరమా, అన్నా!"