ఎనిమిది మూలల లెక్క

మొయినాబాద్

అవ్వా, నా పని పోలేదు, ఎస్తేర్ అక్క నీకు చెప్పింది సగమే నిజం. ఫోన్‌లో అయితే ఇద్దరం అరుచుకుంటామని కార్డు రాస్తున్నాను.

చిన్న మంగళారం ఊళ్లోని ఫామ్‌హౌస్‌లో సిలిండర్లు గేటు పక్కన, వంటిల్లు ఎక్కడో వెనకాల. మా మేస్త్రీ బాలప్ప లావు గ్యాసు పైపు తెప్పించాడు. ఇరవై మీటర్ల దాకా సన్న పైపు చాలని నేను చదివిన నిబంధనల కరపత్రంలో ఉంది, ఇక్కడ పొడవు పద్దెనిమిదే. ఓనరు ముందే "దోచుకుంటున్నవ్" అని ఆయన మీద అరిచాను.

ఆయన కోప్పడలేదు. "మూలలు లెక్కవెట్టినవా బిడ్డా? పైపు తిరిగిన కాడల్లా గ్యాసు జోరు తగ్గుతది. ఒక్కో మూలకు అర మీటరు కలుపు" అన్నాడు. మూలలు ఎనిమిది, కలిపితే ఇరవై రెండు మీటర్లు. కరపత్రం వెనక పేజీలో అదే ఉంది, నేనే తిప్పి చూడలేదు. నా మాట వింటే నాలుగు పొయ్యిలు ఒకేసారి ముట్టించినప్పుడు మంట కుంగిపోయేది.

ఓనరు నన్ను వెళ్లగొట్టమన్నాడు. "లెక్క అడిగెటోడే నాకు కావాలె. వీడు పోతే నేను గూడ పోత" అన్నాడు బాలప్ప. బడి గడప తొక్కని మనిషి అవ్వా. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాసి, బుడగ రాదని తేలాకే మంచినీళ్లు ముట్టాడు.

నా పదో తరగతి మెమో పంపు, ఫిట్టర్ పరీక్ష రాస్తాను. మన పొయ్యి రబ్బరు ట్యూబు మీద తేదీ చూడు, దాటితే ఇవాళే మార్చు. బర్రె ఈనిందా? ఆదివారం ప్రార్థనలో బాలప్ప పేరు తలుచుకో. నేనింకా ఆయనకు క్షమాపణ చెప్పలేదు. ఈ కార్డు డబ్బాలో వేసి అటునుంచటే ఆయన దగ్గరికి పోతున్నాను.

నీ కొడుకు,
రత్నాకర్