అక్క ఎడమకన్ను

అన్నయ్యా,

కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను. ట్యాంకు నిండగానే మోటారు ఆపు. అక్కని స్కానింగుకి తీసుకెళ్తున్నాను.

టికెట్ల కౌంటర్లో కూర్చుని కన్ను కొడుతోందని ఎవడో ఫిర్యాదు చేస్తే, అక్కని ఒక్క మాట అడక్కుండా "పరువు తీశావు, ఉద్యోగం మానెయ్" అని అరిచావు. అప్పుడైనా తన మొహం చూశావా? నేను నెలరోజులుగా చూస్తున్నాను. ముందు ఎడమకన్ను అదురుతుంది, తర్వాత బుగ్గ, ఆఖరికి మూతి కూడా పక్కకి లాగేస్తుంది. మొన్న మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నప్పుడూ అదిరింది. నిద్రలో ఎవరికి కన్ను కొడుతోందంటావు? ఫోనులో తీసిన ఆ వీడియో చూసి నరాల డాక్టరు, లోపల రక్తనాళం ఏదో మొహం నరాన్ని నొక్కుతుండొచ్చన్నాడు. వైద్యం ఉందన్నాడు.

ఆయన రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని అటునుంచి అటే అక్క వాళ్ల మేనేజరు దగ్గరికి పోతాం. సాయంత్రం నువ్వేం మాట్లాడినా సరే, తన మొహం చూసి మాట్లాడు.

చిన్నచెల్లి

మరిచాను. ఈ కాగితం వెనక్కి తిప్పు. నువ్వు పక్కన కూర్చుని అక్క చేత రాయించిన రాజీనామా అది. సంతకం పెట్టకముందే లాక్కున్నాను. చీటీ రాయడానికి ఇంట్లో ఇంకో కాగితం లేక కాదు.